బీడీ ముక్కంత స్ఫటికం

మల్లాపూర్‌లో తెల్లారకముందే బయల్దేరి, కోరుట్ల మీదుగా హైదరాబాద్ చేరేసరికి మా చిన్నమ్మ నీరసించిపోయింది. పెట్ స్కాన్‌కు పరగడుపున రమ్మన్నారు. పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప నోట్లో ఏమీ పడలేదు. సూది వేసి, గంటసేపు కదలకుండా పడుకోమన్నారు. ఆ రోజంతా పసిపిల్లలను ఎత్తుకోవద్దన్నారు. సూదికంటే ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది, ఇంటి దగ్గర మనవరాలుంది మరి. "గా మందేదో మన కోరుట్లకే పంపరాదా కొడుకా, గింత దూరం తీస్కొచ్చినవ్" అంది.

ఆ మందు పేరు ఎఫ్‌డీజీ. చక్కెరలాంటి పదార్థానికి ఫ్లోరిన్-18 తగిలించి చేస్తారు. "మన ముత్యంపేట ఫ్యాక్టరీ చక్కెరలాంటిదే చిన్నమ్మా, రోగం ఉన్నచోట దాన్ని ఆబగా తింటది" అని చెప్పాను. అయితే ఫ్లోరిన్-18కు ఆయుష్షు తక్కువ. 110 నిమిషాలకోసారి సగమైపోతుంది. హైదరాబాద్‌లో బస్సెక్కిస్తే మల్లాపూర్‌లో దించేసరికి పావు వంతు కూడా మిగలదు. ఎండాకాలంలో ఐసుగడ్డను సైకిల్ మీద తెచ్చినట్టే. మందు తక్కువైనా, పడుకోబెట్టే సమయం తగ్గినా బొమ్మ చెడకుండా రావాలంటే యంత్రంలోని డిటెక్టర్ మెరుగుపడాలి. దాన్ని మెరుగుపరిచే పని చాలావరకు పీహెచ్‌డీ విద్యార్థుల బల్లల మీదే జరుగుతుంది.

స్కాన్ యంత్రం వలయంలో వేల స్ఫటికాలు వరుసగా పేర్చి ఉంటాయి. ఒక్కొక్కటి మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం, రెండు సెంటీమీటర్ల పొడవు. తాగి పారేసిన బీడీ ముక్కంత. ఎక్కువగా వాడేది లుటీషియం కలిసిన ఎల్‌ఎస్‌ఓ. చూడ్డానికి గాజులా ఉంటుంది కానీ గాజుకు దాదాపు మూడింతల బరువు. ఒంట్లో ఫ్లోరిన్ వదిలిన పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌ను తాకగానే రెండూ మాయమై, వాటి చోట రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు పరుగెత్తుతాయి. ఒక్కోదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అవి స్ఫటికాల్లో ఆగినప్పుడు చిన్న నీలి మెరుపు పుడుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు స్ఫటికాలు దాదాపు ఒకేసారి మెరిస్తే, ఆ రెంటినీ కలిపే గీత మీద ఎక్కడో మందు ఉందన్నమాట. అలాంటి గీతలు కోట్ల కొద్దీ కూడితే బొమ్మ తేలుతుంది.

మెరుపులను లెక్కపెట్టే విద్య పాతదే. 1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్, మార్స్‌డెన్ చీకటి గదిలో కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెర మీది మెరుపులను కంటితోనే ఒక్కొక్కటిగా లెక్కించారు. 1948లో హాఫ్‌స్టాడ్టర్ థాలియం కలిపిన సోడియం అయోడైడ్ స్ఫటికం పనిచేస్తుందని చూపించాడు. 1950ల చివర్లో హాల్ యాంగర్ దాంతో గామా కెమెరా కట్టాడు. సోడియం అయోడైడ్ మెరుపు ఆరడానికి 230 నానోసెకన్లు పడితే, 1990ల మొదట్లో మెల్చర్ వెలుగులోకి తెచ్చిన ఎల్‌ఎస్‌ఓకు 40 చాలు.

కిరణాలను కొలిచే ఈ విద్యలో మన తెలుగువాడు స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టి, సన్యాసం పుచ్చుకుని, హిమాలయాల్లో తపస్సు చేసి, యూరప్ వెళ్లాక భౌతికశాస్త్రం పట్టాడు. ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేసి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాఖను నిలబెట్టాడు. పాత్రలోంచి గాలిని పూర్తిగా తోడేయడం ఎలాగో ఆయన ఒక పుస్తకమే రాశాడు. సన్యాసి అయినవాడు చేతిపని మీద అంత శ్రద్ధ పెట్టడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. ఈ రంగమంతా ఆ శ్రద్ధ మీదే నడుస్తోంది.

ఒక ప్రయోగశాలలో ఓ పరిశోధకురాలి బల్ల దగ్గర గంటసేపు నిలబడ్డాను. ఆమె గ్లౌజు చేత్తో స్ఫటికాన్ని తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టడం మొదలుపెట్టింది. నల్లా బిగించేటప్పుడు ప్లంబర్ వాడే టేపే. వెలుగు పక్కలకు పోకుండా వెనక్కి తిప్పడానికి దాన్ని మించింది అరుదు. నాలుగైదు పొరలు. ఎక్కడా ముడత పడకూడదు, మూల దగ్గర సందు మిగలకూడదు. ఒక చివర మాత్రం తెరిచి, దానికి చుక్క గ్రీజు రాసి, సిలికాన్ సెన్సర్ మీద నిలబెట్టింది. గ్రీజులో గాలి బుడగ ఉంటే మళ్లీ మొదటికే. పైన నల్లపెట్టె మూత, మూత మీద నల్లబట్ట. గది వేడి ఒకటి రెండు డిగ్రీలు మారినా సెన్సర్ లెక్క తప్పుతుంది కాబట్టి గోడకున్న థర్మామీటర్ మీదే ఆమె చూపు. పెట్టెలో కిరణాలు వెలువరించే సోడియం-22, దానికి అటొకటి ఇటొకటి స్ఫటికాలు. రెండు మెరుపుల మధ్య సమయపు తేడాను లక్షలసార్లు కొలిచి గ్రాఫు గీస్తుంది. ఆ గ్రాఫు ఎంత సన్నబడితే థీసిస్ అంత ముందుకు సాగినట్టు.

ఆ తేడాను పికోసెకన్లలో కొలుస్తారు. సెకనులో లక్ష కోట్లవ వంతు. వెలుగు ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. మందు గీత మధ్య నుంచి పక్కకు జరిగితే ఒక కిరణం దారి తగ్గినంతా రెండోదానికి పెరుగుతుంది కాబట్టి, ఆ తేడాలో సగమే చోటుకు లెక్క. టైమింగ్ 500 పికోసెకన్లు ఉంటే గీత మీద మందు ఉన్న చోటును ఏడున్నర సెంటీమీటర్లలో చెప్పగలం. ఇప్పటి మంచి యంత్రాల్లో అది 200 దగ్గరికి వచ్చింది, అంటే మూడు సెంటీమీటర్లు. 10కి తేగలిగితే ఒకటిన్నర మిల్లీమీటరు. సెర్న్‌కు చెందిన పాల్ లెకోక్ పరిశోధకుల ముందు పెట్టిన లక్ష్యం అదే. ఒక విద్యార్థి నాలుగేళ్లు కూర్చుని పాతిక పికోసెకన్లు తగ్గించినా నా దృష్టిలో అది పెద్ద పనే. చోటు ఎంత కచ్చితంగా తెలిస్తే మందు అంత తక్కువ చాలు, సమయమూ కలిసొస్తుంది.

కాలిఫోర్నియాలోని డేవిస్ పరిశోధకులు రూపకల్పన చేయగా 2018లో వెలుగులోకి వచ్చిన ఎక్స్‌ప్లోరర్ దాదాపు రెండు మీటర్ల పొడవుంటుంది, మనిషిని తల నుంచి కాలి దాకా ఒకేసారి చూస్తుంది. గొప్ప యంత్రమే. కానీ మా జగిత్యాల దాకా వచ్చేది అది కాదు. నాకు ఆశ పుట్టించేది బీజీఓ అనే పాత స్ఫటికం. ఎల్‌ఎస్‌ఓకంటే చవక, కాకపోతే దాని మెరుపు నిదానం. అయితే ఆ నిదానపు మెరుపుకంటే ముందు కొద్దిపాటి చెరెంకోవ్ కాంతి చటుక్కున పుడుతుందని, దాన్ని పట్టుకుంటే బీజీఓతోనూ మంచి టైమింగ్ సాధించవచ్చని ఇటీవలి పరిశోధనలు చూపాయి. తక్కువ ఖర్చు యంత్రం అటునుంచే వస్తుందని నా నమ్మకం.

తిరుగు బస్సులో చిన్నమ్మకు ఆ పరిశోధకురాలి సంగతి చెప్పాను. బల్ల దగ్గర నా ఫోన్‌లో తీసిన ఫొటో చూపించాను. నలభై ఏళ్లుగా తునికాకు కత్తిరించి, తంబాకు పెట్టి చుట్టి, దారం కట్టిన వేళ్లతో ఆమె ఆ ఫొటోను పెద్దది చేసి చూసింది.

"రోజుకు ఎన్ని చుడ్తదట ఆ పిల్ల?"

"నాలుగో అయిదో."

చాలాసేపు మాట్లాడలేదు. సిద్దిపేట దాటాక అంది: "మూల కాడ సందు పోనిచ్చింది సూడు. రెండో చుట్టుకే బిగవట్టుమని చెప్పు."