వెనక వచ్చేవాళ్లకు దారి

ఏటా ఆగస్టులో ఒక ఆదివారం, తెల్లవారకముందే హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర జనం పోగవుతారు. అక్కణ్నుంచి ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియం దాకా 42.195 కిలోమీటర్ల పరుగు. దానికోసం నెలల తరబడి సాధన చేసినవాళ్లు సైతం ఒక్క విషయం నేర్చుకోకుండానే ఆరంభ గీత దగ్గరికి వచ్చేస్తారు: వేలమందితో కలిసి పరిగెత్తడం ఎలాగన్నది.

పరిగెత్తే మనిషికి ముందున్నది కనిపిస్తుంది, వెనకున్నది కనిపించదు. పందెం మర్యాదలు చాలావరకు ఇక్కణ్నుంచే పుట్టాయి.

మొదటిది నిలబడే చోటు. కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలు పట్టేవాళ్లు ముందు వరసలోకి దూరితే, అయిదు నిమిషాల్లో పోయేవాళ్లు వాళ్లను తప్పించుకుంటూ అడ్డదిడ్డంగా పరిగెత్తాలి. మడమలు తొక్కుకునేదీ, తూలిపడేదీ ఈ తోపులాటలోనే. నిజానికి ముందు నిలబడితే ఒరిగేదేమీ లేదు. సమయం లెక్కించే చిప్ తగిలించే పందెంలో ఎవరి సమయం వాళ్లు గీత దాటిన క్షణం నుంచి విడిగా నమోదవుతుంది. బహుమతుల కోసం పోటీపడే కొద్దిమంది తప్ప మిగతావాళ్లు తమ వేగానికి తగ్గ పేసర్ వెనక నిలబడితే చాలు. పేసర్ అంటే ఒకే వేగంతో చివరిదాకా నడిపించే అనుభవజ్ఞుడు. చేతిలో జెండా మీద గమ్యం చేరే సమయం రాసి ఉంటుంది.

దారిలో నెమ్మదిగా వెళ్లేవాళ్లు ఎడమపక్క ఉండాలి, దాటేవాళ్లు కుడిపక్క నుంచి పోవాలి. "అన్నా, కుడిపక్క!" అని ఒక్క మాట ముందుగా అంటే ఎవరూ ఉలిక్కిపడరు. నలుగురు స్నేహితులు కబుర్లాడుకుంటూ వరసగా పరిగెత్తితే మాత్రం రోడ్డు మూసుకుపోతుంది. ఇద్దరికి మించి పక్కపక్కన పోకపోవడం మేలు. చెవుల్లో పాటలు కావాలంటే ఒక చెవైనా ఖాళీగా ఉంచుకోవాలి. వెనక అంబులెన్స్ వస్తే వినిపించాలి కదా.

అసలు పరీక్ష నీళ్ల బల్లల దగ్గర. దాహంతో అందరూ మొదటి బల్ల మీదే పడతారు. తెలిసినవాళ్లు దాన్ని వదిలేసి చివరి బల్లకు వెళతారు, అక్కడ గుంపు పలచబడుతుంది. నాలుగడుగుల ముందే పక్కకు జరిగి, గ్లాసు పట్టుకున్న వాలంటీరు కళ్లలోకి చూసి చెయ్యి చాపితే, గ్లాసు ఎవరికో వాళ్లకే తెలుస్తుంది. తాగాలంటే ఆగవచ్చు, కానీ బల్లలు దాటాక, రోడ్డు అంచున. ఖాళీ గ్లాసు డబ్బాలో వెయ్యాలి. సీసా మూత రోడ్డు మధ్యన పడేస్తే వెనక వచ్చేవాళ్ల చీలమండ మెలిపడుతుంది, అరటితొక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉమ్మాలన్నా, లేసు కట్టుకోవాలన్నా ఇదే పద్ధతి: వెనక్కి ఒకసారి చూసి, అంచుకు జరగాలి. అర్ధరాత్రి లేచి వచ్చి గ్లాసులు నింపుతున్న ఆ పిల్లలకు థాంక్స్ చెప్పడానికి ఊపిరి ఎప్పుడూ మిగులుతుంది.

ఎవరైనా పడిపోతే? 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా జాతీయ మైలు పందెం జరుగుతుండగా రాన్ క్లార్క్ పడిపోయాడు. అదే పందెంలో పరిగెత్తుతున్న జాన్ లాండీ ఆగి, వెనక్కి వెళ్లి, అతను బాగానే ఉన్నాడో లేదో చూశాకే మళ్లీ పరుగందుకున్నాడు. ఆ పందెం గెలిచింది కూడా లాండీయే. అయితే నిబంధనలు అన్నిసార్లూ ఇంత దయగా ఉండవు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో, దృష్టిలోపం ఉన్న స్పెయిన్ పరుగువీరురాలు ఎలెనా కాంగోస్ట్, గమ్యం గీతకు కొద్ది మీటర్ల దూరంలో తూలిపోతున్న తన సహాయకుణ్ని పట్టుకోబోయి, ఇద్దరినీ కలిపే తాడు వదిలేసింది. మూడో స్థానంలో గీత దాటినా ఆ రోజు కాంస్యం దక్కలేదు. తాడు వదలకూడదన్న నిబంధనకు కారణం ఉండవచ్చు, అయినా ఆ తీర్పుకు మనసు ఒప్పుకోదు.

మన రోడ్డు పందేల్లో పతకాలు పోయే భయం ఉన్నవాళ్లు చాలా తక్కువ. కాబట్టి ఆగడానికి సందేహించనక్కర్లేదు. పడినవాళ్లను గబుక్కున లేపి నిలబెట్టకూడదు. వెనకవాళ్లు తొక్కకుండా చేతులు ఊపి హెచ్చరించాలి. పడినవాళ్ల ఛాతీ మీది చీటీ, అంటే బిబ్, నంబరూ, దాటిన కిలోమీటరు రాయీ చెబితే దగ్గరున్న వాలంటీరు వైద్యసాయం పిలిపిస్తారు. గమ్యం దాటాక గడియారం చూసుకుంటూ అక్కడే నిలబడిపోవడం కూడా తప్పే. వెనకవాళ్లు వేగంగా వచ్చి ఢీకొంటారు.

ఇంకొక్క మాట. రాలేకపోయిన స్నేహితుడి బిబ్ తగిలించుకుని పరిగెత్తడం మనవాళ్లకు చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ దారిలో మీరు స్పృహ తప్పితే వైద్యులు ఆ నంబరు చూసే ఇంటికి కబురు చేస్తారు. ఫోను వేరే ఇంట్లో మోగుతుంది. అందుకే మీ పేరున వచ్చిన బిబ్ మీరే వేసుకోండి. వేసుకునే ముందు వెనక్కి తిప్పి రక్తం గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాయండి.