వేఱుగా నిలుపుట

బీజగణితము నారంభించిన బాలురు 3య + 4క అను సమాసమును చూచినంతనే 7యక అని వ్రాసివైచుట మిక్కిలి సాధారణము. దీనిని అజ్ఞానమనుటకంటె అంకగణితము పెంచిన యలవాటనుట న్యాయము. కూడిక గుర్తు కనబడినప్పుడెల్ల ఒక్క సంఖ్యను జవాబుగా వ్రాయుచు వచ్చిన చేతికి, ఆ గుర్తు అట్లే మిగిలియున్న సమాసము సగములో విడిచిన లెక్కవలె తోచుట సహజమే గదా!

మొన్న సాయంకాలము మా మనుమడు ఇట్లే వ్రాసి తెచ్చెను. తప్పని చెప్పక, "అక్షరములకు బదులు సంఖ్యలు పెట్టి చూడరా" అంటిని. వాడు రెంటికిని 1 ప్రతిక్షేపించి, రెండు వైపులను 7 వచ్చుట చూపి, "సరిపోయింది తాతయ్యా!" అని సంతోషముతో పలికెను. ఒకటితో గుణించినను మార్పుండదు గనుక, ఇట్టి పరీక్షకు దానిని మించిన మోసకారి సంఖ్య లేదు. య 2 గాను, క 3 గాను పెట్టించితిని: ఒక వంక 6, 12 కలిసి 18, వేఱొక వంక 42. వాడు చాలసేపు ఆ రెండు సంఖ్యలనే చూచుచుండెను.

మామిడిపండ్లను అరటిపండ్లను కలిపి లెక్కింపరాదను పోలికను నేనును పెక్కేండ్లు వాడి, తుదకు విడిచితిని. ఏలయనగా అక్షరము పండు కాదు, తెలియని సంఖ్య. పండ్లను పండ్లతో గుణించుటకు అర్థమే లేదు. 3య, 5య కలిసి 8య యగుటకు కారణము విభాగన్యాయము: ఒకే సంఖ్యను మూడు మారులు, మఱి యైదు మారులు తీసికొన్నచో ఎనిమిది మారులు తీసికొన్నట్లే. ఇక య, య వర్గము ఏల కలియవని బాలుడడిగినచో, య 10 అనుకొనుమందును. పదులను వందలను ఒకే స్థానమున కూడరాదని వాడెన్నడో యెఱుగును.

1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు తన బీజగణితమున అవ్యక్తరాశులకు యావత్తావత్తు, కాలకము, నీలకము, పీతకము అను పేర్లుంచి, వాని తొలి యక్షరములనే వ్రాయుచు, సమానజాతులకు యోగవియోగములను, విభిన్నజాతులకు పృథక్ స్థితిని విధించెను. నేను య, క లను గ్రహించుట అందులకే. వేఱుగా నిలుపుటను గూడ ఆ మహనీయుడు కూడిక విధిలోనే చేర్చెనని తలచినప్పుడెల్ల నాకు అపారమైన గౌరవము కలుగుచుండును.

ఈ విధిని నేను చెప్పగా విన్న మనుమడు 7యక ను కొట్టివేసి, 3య + 4క అని తిరిగి వ్రాసి, ప్రక్కన 'జవాబు' అని వ్రాయుటకు కొంత జంకి, తుదకు వ్రాసి, దాని క్రింద రెండు గీతలు గీసెను.