పొలమునకు చేరవలసిన ఎరువు

విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్టులో ఉదయపు బేరములు సద్దుమణిగిన పిమ్మట నేలపై మిగిలిపోవు క్యాబేజీ రెక్కలను, తోటకూర కాడలను, నలిగిన కొత్తిమీర కట్టలను చూచినప్పుడెల్ల, లంకల నుండియు మెట్ట పొలముల నుండియు వచ్చిన ఈ సారము తిరిగి నేలకు చేరక లారీలెక్కి దిబ్బల పాలగుట ఎంతటి నష్టమో కదా యని మనస్సు కలుక్కుమనును.

వన్‌టౌన్ ఇరుకు సందులో పెరడు లేని ఇంట ఎరువు చేయుటకు నాకు ఆధారము మేడమీది పాత డ్రమ్ము మాత్రమే. గాలి యాడుటకై దానికి తూట్లు పొడిచి, వంటింటి పచ్చి తుక్కు పరచి, దానిపై రెండింతలు ఎండుటాకులు కప్పి, పుల్లమజ్జిగ చిలకరించి, వారమున కొకసారి తిరుగవేయుదును. పదను చూచుటయే ఇందలి విద్య: గుప్పెడు తీసి పిండినచో వ్రేళ్ల సందున తడి యూరవలెనే కాని ధారగా కారరాదు, కారినచో గాలి యందక కుళ్లి కంపు కొట్టును, మరీ పొడిబారినచో సూక్ష్మజీవులు పని మానును. పెద్ద కుప్పలలోనైతే వేడి 60 డిగ్రీల వరకు ఎక్కి కలుపు విత్తనములను, రోగక్రిములను చంపును. రెండు మూడు నెలలకు పొడిపొడిగ చేతికి వచ్చు నల్లని ఎరువులో తోటకూర కాడ జాడయైన కానరాదు.

ఆంగ్ల వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హోవర్డు ఇండోరులో ఎరువు చేయు విధానమును శాస్త్రీయముగ రూపొందించి 1931లో గ్రంథస్థము చేసినాడు, బెంగుళూరులో సి.ఎన్. ఆచార్య పట్టణపు చెత్తకు అనువైన మరియొక పద్ధతిని ఏర్పరచినాడు. శాస్త్రము కొరవడి మనము వెనుకబడలేదు. కొరత ఇంటి గుమ్మము వద్దనే కలదు. తడి, పొడి, హానికర వ్యర్థములను వేరు చేయవలసినది గృహస్థుడే యని 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు చెప్పినవి. కూరతొక్కులతోపాటు పగిలిన గాజు, వాడిన బ్యాటరీ, ప్లాస్టిక్ కవరు ఒకే బుట్టలో పడిన పిమ్మట ఎంతటి యంత్రముతో జల్లించినను శుద్ధమైన ఎరువు రాదు. అట్టి ఎరువు చల్లి దమ్ము చేసిన మడిలో చెప్పులు లేక దిగి నాట్లు వేయు స్త్రీ పాదమున గాజుపెంకు గ్రుచ్చుకొన్న దినమున, డెల్టా రైతు దానిని ఉచితముగ నిచ్చినను ముట్టడు. ముట్టనందుకు అతనిని తప్పు పట్టుట న్యాయము కాదు. సింగ్‌నగర్ డంపింగ్ యార్డులో ఏండ్ల తరబడి చెత్త గుట్టలుగ పేరుకొనుటకు ఇట్లు కలగాపులగము చేసిన మన చేతులే మూలమైనవి.

కావున పాఠకులారా, రేపటి నుండియే వంటింట రెండు బుట్టలు ఉంచుడు. పూజ చేసిన పూలను కవరులో మూటగట్టి కాలువలోనికి విసరక మొక్కల మొదట వేయుడు. బ్యాటరీలను, మందుల సీసాలను విడిగ పొట్లము కట్టుడు. చెత్తబండి వచ్చినప్పుడు బుట్టలను వేర్వేరుగ అందించి, బండిలో వానిని మరల ఒక్కటి చేయుట కనబడినచో అక్కడనే నిలిచి అడుగుడు.