అరవై దాటాక మట్టి ట్రాక్ మీద

సింగరేణి బొగ్గు గనుల్లో 2021 నుంచి రిటైర్మెంట్ వయసు 61 ఏళ్లు. అక్కడి శ్రీరాంపూర్ కాలనీలో ఆ వయసు పెద్దమనిషి బండి తీశాడంటే పాలకో, మనవడిని బడి దగ్గర దింపడానికో. అమెరికాలో, కాలిఫోర్నియాలోని గ్లెన్ హెలెన్ ట్రాక్ దగ్గర మాత్రం అదే ఈడువాళ్లు ఏటా నవంబరు ప్రాంతంలో ‘వరల్డ్ వెట్’ (వెటరన్) మోటోక్రాస్, అంటే మట్టి ట్రాక్ బైకు రేసు కోసం స్టార్టింగ్ గేటు వెనక వరస కడతారు. ముప్పై దాటినవాళ్ల నుంచి డెబ్బై దాటినవాళ్ల దాకా వేర్వేరు విభాగాలు. ఒకప్పటి ప్రొఫెషనల్ డగ్ డుబాక్ ఇక్కడ ఇరవైకి పైగా టైటిళ్లు గెలిచాడు. అలాంటివాళ్లతో పాటే, వారమంతా ఉద్యోగం చేసుకుని ఆదివారం బైకెక్కేవాళ్లూ వస్తారు. అందుకే వయసుతో పాటు నైపుణ్యాన్ని బట్టి కూడా విడదీస్తారు. దూరదేశాల వాళ్లు బైకు అక్కడే అద్దెకు తీసుకుని, హెల్మెట్, బూట్లు వెంట తెచ్చుకుంటారు.

ఈ ఆట పుట్టింది ఇంగ్లండ్‌లో. 1924 మార్చి 29న కాంబర్లీ హీత్‌లో జరిగిన తొలి పోటీలో 80 మంది బయల్దేరితే సగం మందే చివరిదాకా వచ్చారు.

పెద్దవాళ్ల రైడింగ్‌లో నాకు నచ్చేది పొదుపు. హ్యాండిల్‌ని బిగించి పట్టుకుంటే కొన్ని ల్యాపులకే ముంజేతి కండరాలు ఉబ్బి గట్టిపడతాయి. క్లచ్ మీద వేళ్లున్నా నొక్కడానికి రావు. దీన్నే ఆర్మ్ పంప్ అంటారు. ఆరితేరినవాడు బైకును మోకాళ్లతో పట్టి, చేతులు వదులుగా ఉంచుతాడు. గతుకుల్లో ఫుట్‌పెగ్‌ల మీద లేచి, మోకాళ్లు కాస్త వంచి నిలబడతాడు. కుదుపు నడుముకు చేరకుండా కాళ్లే కాచుకుంటాయి. మలుపులో ట్యాంకు దాకా ముందుకు జరిగి కూర్చుని, లోపలి కాలు ముందు చక్రం వైపు చాపి, బరువు బయటి పెగ్ మీద వేస్తాడు.

గాలిలో జరిగేది ఇంకా తమాషా. బైకు ముక్కు కిందికి వాలుతుంటే యాక్సిలరేటర్ తిప్పాలి. వెనక చక్రం వేగం పెరిగితే బండి దానికి ఎదురు దిశలో తిరుగుతుంది, ముక్కు లేస్తుంది. మరీ లేస్తే వెనక బ్రేకు తాకించడమే. నేలను ముట్టుకోకుండా బండిని సరిచేసుకోవడం, బలంతో పనిలేని విద్య.

శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ల రోడ్డు మీద ట్యాంకర్లు నీళ్లు కొట్టినట్టే, దుమ్ము లేవకుండా ట్రాక్ మీదా కొడతారు. ల్యాపులు గడిచేకొద్దీ తడి మట్టిలో చక్రాల గాడులు లోతవుతాయి. గాడిలో దిగాక ముందు చక్రం వంక చూసినవాడు పడతాడు. చూపు గాడి చివర ఉండాలి. అన్నట్టు, గనిలో తవ్వి పోసిన మన ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టి గుట్టలు చూసి కుర్రాళ్లకు ట్రాక్ గుర్తొస్తే వింతేం కాదు. కానీ అది వదులు మట్టి, ఎప్పుడు జారుతుందో తెలియదు, పైగా గని హద్దులోది. అటు బైకు తిప్పొద్దు.

ఇక్కడి నుంచి వెళ్లి పోటీ పడాలనుకుంటే, మన దేశంలో అంతర్జాతీయ పోటీల లైసెన్సు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇస్తుంది. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ రేసింగ్ గాయాలకు సాధారణంగా వర్తించదు. ఈ ఆటలో కాలర్‌బోన్ విరగడం మామూలే కాబట్టి పాలసీ కాగితం చదివే విమానం ఎక్కాలి. ట్రాక్ మీదా అదే జాగ్రత్త: డబుల్ జంప్ దగ్గర ఎగరకుండా, రెండు దిబ్బల మీదుగా నెమ్మదిగా ఎక్కి దిగిపోయేవాళ్లు వెటరన్ రేసుల్లో ఉంటారు. కొంత సమయం పోతుంది. సోమవారం డ్యూటీకి వెళ్లాల్సిన మనిషి ఆ లెక్క వేసుకోవడాన్ని నేను పిరికితనం అనను.