ఉద్దానం కొబ్బరి, రంగం కౌస్వే

పొద్దుగూకేసరికి కాశీబుగ్గలో ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మోత మొదలవుతుంది. ఇనప బాణలి, బుస్సుమనే మంట, సోయాసాస్ వాసన. టెక్కలిలోనూ అంతే, సోంపేటలోనూ అంతే. ఆ బండి మీది హక్కా నూడుల్స్ కలకత్తా చైనావాళ్ల వంటిళ్లలో పుట్టి ఊరూరా పాకిన సరుకు. దాని మీద నాకు కోపమేమీ లేదు, నేనూ తింటాను. కాకపోతే ఈ తీరానికి అంతకన్నా దగ్గరి చుట్టం ఇంకో నూడుల్స్ ఉంది. అది ఓడెక్కి వచ్చింది. దాని పేరు కౌస్వే.

మా వైపు పెద్దవాళ్లు రంగూన్‌ని రంగం అనేవారు. కరువొచ్చినా, అప్పు మెడకు చుట్టుకున్నా, ఇంట్లో గొడవపడినా రంగమే దిక్కు. సోంపేట, కాశీబుగ్గలున్న మా ఉద్దానం ఇంకా గంజాం జిల్లాలో ఉన్న రోజులవి. ఒడిశా ఏర్పడి గంజాం అటు పోయింది 1936లో, మా వైపు శ్రీకాకుళం జిల్లా అయింది 1950లో. గోపాలపూర్ మొదలు కాకినాడ దాకా ఈ తీరంలో ఓడలెక్కినవాళ్లు అక్కడి రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలని పేరు పడింది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే మనందరికీ అంటగట్టారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచి వచ్చారు. మిగిలినవాళ్ల దుకాణాలను 1964లో అక్కడి నే విన్ సర్కారు జాతీయం చేసేసరికి మరో విడత ఓడలెక్కింది. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా వెలిసిందే. సొమ్ములు తెచ్చుకోవడానికి అక్కడివాళ్లు ఒప్పుకోలేదు కానీ, వంట చేతుల్లోనే ఉంది కదా, అది వచ్చింది. విశాఖలో ఈనాటికీ సాయంత్రం పూట కౌస్వే అమ్మే బండ్లున్నాయి. చెన్నై బర్మా బజారు దగ్గర దీని చెల్లెలు అత్తో దొరుకుతుంది.

బర్మా భాషలో ఖౌక్ అంటే మడవడం, స్వే అంటే లాగడం. పిండిని లాగి మడిచి చేసేది కాబట్టి ఆ పేరు. ఇందులో కొబ్బరిపాలతో చేసేదాన్ని ఓన్ నో కౌస్వే అంటారు. థాయ్‌లాండ్ ఖావ్ సోయ్, మలేషియా లక్సా దీనికి దాయాదుల్లాంటివి. కావలసిన సరుకులు చూడండి: కొబ్బరి, శనగపిండి, ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పసుపు, ఎండుమిర్చి, నిమ్మకాయ, కోడిగుడ్డు. ఉద్దానంలో ఏ ఇంట్లో ఇవి ఉండవు? కొట్టుకెళ్లి తెచ్చుకోవలసింది ఒక్క నూడుల్స్ పొట్లమే. అందుకే దీన్ని విదేశీ వంట అనడానికి నాకు నోరు రాదు. రాత్రి ఏడున్నరకు మొదలుపెడితే ఎనిమిదింపావుకు పళ్లెంలో ఉంటుంది.

కష్టమంతా కొబ్బరిపాల దగ్గరే. మొదటిసారి చేసినప్పుడు పాలన్నీ ఒక్కసారే పోసి, పెద్ద మంట పెట్టి, నా పనిలో నేనున్నాను. రంగంలో పుట్టి విశాఖలో స్థిరపడిన మామ్మ ఒకావిడ అప్పుడు మా ఇంట్లో ఉన్నారు. గిన్నెలోకి తొంగిచూసి, “ఏటమ్మా, అలగ మరగబెట్టేస్తన్నావు? పాలిరిగిపోవా?” అన్నారు. అనేలోపే విరిగిపోయాయి. పైన నూనె తేలింది, అడుగున పలుకులు పలుకులుగా ఏదో మిగిలింది. కొబ్బరిపాలలో నూనె సన్నటి బొట్లుగా నీళ్లలో తేలుతూ ఉంటుంది. వాటిని విడివిడిగా పట్టి ఉంచేది మాంసకృత్తుల పొర. మంట ఎక్కువైతే ఆ పొర గడ్డకడుతుంది, నూనె వేరుపడుతుంది. అందుకని పాలను రెండు విడతలుగా తీయాలి. ఒక పెద్ద కాయ తురిమి, గ్లాసు గోరువెచ్చటి నీళ్లతో మిక్సీలో తిప్పి పిండితే వచ్చేవి మొదటిపాలు. అదే పిప్పిలో రెండు గ్లాసులు పోసి మళ్లీ తిప్పి పిండితే రెండోపాలు. ఉడకాల్సిందంతా రెండోపాలలోనే ఉడకాలి. మొదటిపాలు దించే ముందు పోసి, సెగ తగలనిచ్చి కట్టేయాలి.

నలుగురికి లెక్క చెబుతాను. రెండు ఉల్లిపాయలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, బొటనవేలంత అల్లం, నానబెట్టిన నాలుగు ఎండుమిర్చి కలిపి ముద్ద నూరాలి. మూడు చెంచాల నూనెలో పసుపు వేసి, ఈ ముద్దను పచ్చివాసన పోయి నూనె తేలేదాకా వేయించాలి. ఇక్కడ తొందరపడితే పులుసంతా పచ్చి ఉల్లి కంపు కొడుతుంది. పావుకిలో పైచిలుకు కోడిమాంసం చిన్న ముక్కలు వేసి, రెండోపాలూ ఒక గ్లాసు నీళ్లూ పోసి మూతపెట్టాలి. అది ఉడికేలోగా మూడు చెంచాల శనగపిండిని పొడి మూకుట్లో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లార్చి, చన్నీళ్లలో కలుపుకోవాలి. వేణ్నీళ్లు పోశారో, పిండి పైపైన ఉడికి లోపల పొడిగా ఉండలు కట్టేస్తుంది. ఈ జారును పులుసులో పోసి కలుపుతూ ఉంటే చారుకన్నా చిక్కగా, పప్పుకన్నా పలచగా వస్తుంది. శనగపిండి చిక్కదనానికే అనుకుంటాం గానీ పాలు విరక్కుండా కాసేదీ అదే.

పలాస వాళ్లం కదా అని జీడిపప్పు ముద్ద కూడా కలపాలనిపిస్తుంది. కలిపి చూశాను, కుర్మా అయింది. మన జీడిపప్పు గొప్పదే, ఒప్పుకుంటాను. విరిగిన పలుకులు నాలుగు దోరగా వేయించి పైన చల్లుకోండి, అక్కడితో ఆపండి.

నూడుల్స్ ఉడికించడం తేలికే, కానీ చెడగొట్టుకునేది అందులోనే. వంద గ్రాములకు లీటరు నీళ్లన్నా ఉండాలి. నీళ్లు తక్కువైతే పైనున్న గంజి నీళ్లలో కలిసి చిక్కబడి, పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి. పొట్లం మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే వార్చేయాలి, ఎందుకంటే వేడి పులుసులో ఇంకాస్త ఉడుకుతాయి. వార్చాక చన్నీళ్లు పోసి, చెంచాడు నూనె పట్టించి, పళ్లెంలో పరచాలి.

ఇక వెల్లుల్లి నూనె. నా దృష్టిలో కౌస్వేకి ప్రాణం ఇదే. సన్నగా తరిగిన వెల్లుల్లిని చల్లటి నూనెలోనే వేసి సన్న సెగ మీద పెట్టాలి. కాగిన నూనెలో వేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. లేత బంగారు రంగు రాగానే దించేయాలి. దించాక కూడా ఆ వేడికి రంగు ముదురుతుంది. ఆ నూనెలోనే కాస్త కారం వేసుకుంటే రెండు పనులూ అయిపోతాయి.

వడ్డనలోనూ ఒక పద్ధతి ఉంది. నూడుల్స్ పళ్లెంలో పెట్టి, పైన పులుసు పోసి, మిగతావన్నీ చిన్న గిన్నెల్లో మధ్యలో పెడతారు. సగానికి కోసిన గుడ్డు, పచ్చి ఉల్లి చీలికలు, కొత్తిమీర, నిమ్మబద్ద, కారం, కరకరలాడే వేపుడు నూడుల్స్. ఎవరి పాళ్లు వాళ్లవి. కారం తినని పిల్లలకు వేరే వండక్కర్లేదు. మాంసం తినని ఇంట్లో మసాలా వడ చిదిపి వేసుకోవచ్చు. బర్మావాళ్లు కూడా పప్పు వడలు ఇలాగే చిదిపి వేసుకుంటారు. బర్మాలో ఎండు రొయ్యల పొడి వాడకమూ ఎక్కువే. మన రేవుల్లో ఎండు రొయ్యలకు కొదవా? తలలు తీసి, వేయించి, దంచి సీసాలో పోసుకుంటే నెలరోజులొస్తుంది. సాస్ సీసా కొనక్కర్లేదు.

పులుసు పెట్టే ఓపిక కూడా లేని రాత్రి అత్తో కలుపుకోండి. ఉడికిన నూడుల్స్, సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లి, చింతపండు రసం, కారం, వెల్లుల్లి నూనె. చేత్తోనే కలపాలి, గరిటెకు ఆ పని చేతకాదు. గోధుమ నూడుల్స్ పడనివాళ్లకు జంతికల గొట్టం ఉంది. బియ్యప్పిండిని మరిగే నీళ్లతో కలిపి, వేడి మీదే ఇడ్లీ రేకుల్లోకి ఒత్తి, పది నిమిషాలు ఆవిరి పట్టండి. బర్మావాళ్లు పొద్దున్నే తినే చేపల పులుసు మొహింగాలోకి వాడేవి బియ్యపు పోగులే. అందులో అరటి దవ్వ కూడా పడుతుంది. అది మాత్రం ఆదివారం వంట.

పొట్లంతో వచ్చే మసాలా ప్యాకెట్టు సంగతి చెప్పాలి. జపాన్‌లో మొమొఫుకు ఆండో 1958లో నూనెలో వేయించి ఎండబెట్టిన నూడుల్స్ కనిపెట్టాడు. మన దేశానికి మ్యాగీ 1983లో వచ్చింది. తొందరలో ఆ నూడుల్స్ అయినా వాడుకోండి, మసాలా ప్యాకెట్టు మాత్రం పక్కన పెట్టండి. అందులో ఉప్పు ఎక్కువ. కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేలక ఉద్దానం ఎన్నేళ్లుగా నలిగిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరవాల్సి వచ్చిందంటే తెలుస్తూనే ఉంది. జబ్బున్న మనిషి ఇంట్లో ఉంటే ఉప్పు ఒక్కటే కాదు, కొబ్బరిపాల సంగతి కూడా డాక్టరును అడిగి చేయండి. కొబ్బరిలో పొటాషియం ఉంటుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి లక్షల కొబ్బరిచెట్లను కూల్చేసింది. కొబ్బరికాయ కొనుక్కోవడం అప్పుడు తెలిసిందని మావాళ్లు అంటుంటారు. తర్వాత పాతిన మొక్కలు ఒక్కొక్కటిగా కాపుకొస్తున్నాయి. తొలికాయలు దేవుడికి కొట్టాక మిగిలినవాటిలో ఒకటి ఈ పులుసుకు కేటాయించండి. పులుసు కాస్త ఎక్కువే పెట్టుకోండి, పొద్దున్న అన్నంలోకి బాగుంటుంది. నూడుల్స్ మాత్రం మిగల్చకండి, తెల్లారేసరికి ముద్దవుతాయి.