ప్రశ్నచక్రమున సప్తమస్థానము

దాంపత్యమునందు గాని, వివాహ మాడదలచిన యువతీయువకుల నడుమ గాని మనస్పర్థ కలిగినపుడు మనవారిలో పెక్కురు సిద్ధాంతిగారి యింటిదారి పట్టుదురు. జహీరాబాదులో తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ ఒక్క బజారులోనే వినవచ్చును. ఏ భాషలో నడిగినను ఆ ప్రశ్న యొక్కటియే: అతనికి నాపై మనసున్నదా? ఆమె తిరిగి వచ్చునా? నేడు చేతిలోని ఫోను సైతము క్షణములో చక్రము వేసి యుత్తర మిచ్చుచున్నది. చదువుకొన్న యిండ్లలోనే ఈ వాడుక బలపడుచుండగా, ప్రశ్నగ్రంథములు ఈ విషయమున నేమి చెప్పుచున్నవో, ఏమి విడిచినవో విచారించుట యవసరము.

జాతకమునకు జన్మకాలము కావలెను. ప్రశ్నకు నది యక్కరలేదు. అడిగిన క్షణమే చాలును. పుట్టినవేళ వ్రాసియుంచుకొను నలవాటు లేని కుటుంబములలో దీనికి గల యాదరమునకు ఇది యొక కారణము. ఆ క్షణమున తూర్పున నుదయించు రాశి లగ్నము, అది యడుగువారిది. అచ్చటినుండి యేడవది కళత్రస్థానము. అది భార్యదో, భర్తదో. ఈ రెండిండ్ల యధిపతులకు గల సంబంధమును, చంద్రుని స్థితిని చూచి ఫలము చెప్పుదురు.

ఈ విద్య యొక్క దేశముది కాదు. వరాహమిహిరుని కుమారుడైన పృథుయశస్సు 56 శ్లోకములలో షట్పంచాశికను రచించెను. 1587లో నీలకంఠుడు తాజికమును సంస్కృతమున కూర్చెను. అందలి ‘ఇత్థశాల’మను పేరు అరబ్బుల ‘ఇత్తిసాల్’ అను మాట నుండి వచ్చినది. కేరళమున 1649లో ప్రశ్నమార్గము వెలసెను. అంతకు రెండేండ్లు ముందు, 1647లో, లండనున విలియం లిల్లీ ఇంగ్లీషున పెద్ద ప్రశ్నగ్రంథమును ప్రకటించెను. కావున ఇది మన పూర్వుల సొత్తని గర్వించుటకును, మన యొక్కరి మౌఢ్యమని సిగ్గుపడుటకును గూడ తావు లేదు.

గుణమున్నచోట గుణము చెప్పవలెను. ప్రశ్నమార్గకర్త గ్రహములతో తృప్తినొందక, వచ్చినవాని మాటను, చేష్టను, నిలుచున్న తీరును గమనింపుమని దైవజ్ఞునకు బోధించును. మనస్సు కలగినవారిని ఓపికతో చూచి, వారి మాట సావధానముగా వినువా డొక డుండుట కొంత యూరటయే. సిద్ధాంతి యొద్దకు బోయి వచ్చినవారు మనసు తేలికపడినదని చెప్పుట అబద్ధము కాదు. కాని ఆ యూరటను కలిగించినది వినుటయే గాని సప్తమాధిపతి గాదు. ఒక్కొక్క లగ్నము సుమారు రెండు గంటలు మాత్రమే యుండును. ఉదయము ‘కలియుదురు’ అన్న చక్రము మధ్యాహ్నము ‘విడిపోవుదురు’ అనవచ్చును. ఈ నడుమ ఆ దంపతుల మనస్సులలో మారిన దేమి?

ఇంతకంటె పెద్దలోప మింకొకటి కలదు. సప్తమస్థానమున ఎవరెవరు కాపురమున్నారో చూడుడు. మన గ్రంథములలో భార్యతోపాటు పోయిన సొమ్మును గూడ ఆ యింటనే వెదకుదురు. లిల్లీ గ్రంథమున భార్య కక్కడ తోడున్నవారు బహిరంగశత్రువు, వ్యాజ్యములోని ప్రతివాది, దొంగ! లగ్నము నోరున్న యిల్లు. సప్తమము నోరులేని యిల్లు. ఒకరు వచ్చి యడుగుదురు. రెండవవారి మనస్సును వారి పరోక్షమున గ్రహములచేత పలికింతురు. ఇద్దరి నడుమ పుట్టిన చిక్కు ఒక్కరి ప్రశ్నగా మారిపోవును. తన దోష మేమని యడుగువానికి ఈ చక్రమున చోటు చాల తక్కువ.

లిల్లీ తానే యిచ్చిన యొక యుదాహరణము చిత్రమైనది. 1646లో ఒక స్త్రీ యాతని నడిగెను. చాలకాలము తన్ను కోరిన పురుషుని ఆమె తిరస్కారముగా త్రోసివేసి, పిమ్మట పశ్చాత్తాపపడినది. అతడే తన కిక లభించునా యని ప్రశ్న. లభించునని లిల్లీ చెప్పెను. పిమ్మట వివాహమయ్యె ననియు వ్రాసెను. అయితే ఆ సంధి కుదిరిన దెట్లు? ఒక పెద్దమనిషి మధ్యవర్తియై తెగిన మాటను మరల కలిపెను. రెండు గ్రహములను మూడవది కలుపు యోగమునకు తాజికమున నక్తమని పేరు. ఇక్కడ ఆ పని చేసినవాడు మనుష్యుడు. లిల్లీ దీనిని తన శాస్త్రమునకు విజయముగా నెంచెను. చదువువారికి మాత్రము ఇది మాటకు గలిగిన విజయముగా తోచును.

ఇట్టి చిక్కునే మన గురజాడ అప్పారావుగారు 1910లో ‘దిద్దుబాటు’ కథయందు చూపిరి. భర్త గోపాలరావు రాత్రులు వేశ్యల పాటకచ్చేరీలలో గడపుచుండును. భార్య కమలిని ఏ చక్రమును వేయింపలేదు. తా నిల్లు విడిచిపోవుచున్నట్లు ఒక యుత్తరము వ్రాసిపెట్టి మంచము క్రింద దాగినది. ఆ యుత్తరము చదివి గోపాలరావు తన తప్పును తానే తలచుకొనెను. కమలినికి చదువు రాకున్నచో ఆ యుత్తరము లేదు. నోరులేని సప్తమస్థానము ఆ కథలో కలము పట్టినది. స్త్రీవిద్య వలని ప్రయోజనమును దీనికంటె చక్కగా చూపుట కష్టము.

ఇది వినోదచర్చ మాత్రము గాదు. భర్త చేయిచేసికొనుచున్న యింటికి ‘గ్రహము మారువరకు ఓర్చుకొమ్ము, అమ్మా’ అను ఫలము చేరినచో, ఆ యోర్పునకు మూల్యము చెల్లించునది ఆమె శరీరము. ఆమెకు 2005 నాటి గృహహింస నిరోధక చట్టము క్రింద న్యాయస్థానము రక్షణోత్తర్వు నీయగలదు. 181 అను సంఖ్యకు ఫోను చేసినచో సహాయము దొరకును. ఆ తల్లికి చెప్పవలసిన దిది. సప్తమాధిపతి సంచారము గాదు.

హింస లేని చోట, మనస్సులే యెడమైన చోట, మన యింటివారు చేయదగిన దొక్కటి. ప్రశ్నను విడువనక్కరలేదు, దాని నడుగుచోటు మార్చుకొనవలెను. ‘ఆమె మనస్సులో నేమున్నది?’ అను ప్రశ్నకు ఉత్తరమెరిగినవారు లోకమున నొక్కరే కలరు. వారి నడుగుటకు ముహూర్త మక్కరలేదు. అడిగినపిమ్మట, వచ్చిన యుత్తరము మన కనుకూలము కాకున్నను, చివరివరకు వినుటకు మాత్రము ధైర్యము కావలెను.