మెడ కదిపితే కారు ఆగిపోతుంది

రేసు కారు శబ్దాన్ని రెండు చెవులతో పట్టాలనుకునేవాడు ముందు మెడను అదుపులో పెట్టుకోవాలి. ఎడమ నుంచి కారు దూసుకొస్తుంటే తల దానంతటదే అటు తిరుగుతుంది, కారుతో పాటే కుడికి మళ్లుతుంది. రేసు చూడ్డానికి వచ్చినవాడికి అది సహజమే. చెవుల్లో మైకులు పెట్టుకున్నవాడు అలా తిప్పాడా, రికార్డింగులో కారు ఎటూ పోదు. మొదటి నుంచి చివరిదాకా ముక్కుకు సూటిగా నిలబడి రొద పెడుతుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లు ఎదురుగా కంచె స్తంభమొకటి చూసుకుని, కార్లు ఎటు పోయినా దాని మీద నుంచి చూపు తిప్పరు. టికెట్టు కొనుక్కుని వెళ్లి రేసు చూడకుండా వచ్చే బాపతు వీళ్లు.

దీన్ని బైనారల్ రికార్డింగ్ అంటారు. మన తల అడ్డం కొలత సుమారు 18 సెంటీమీటర్లు. కుడిపక్క నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ ఆలస్యంగా, మిల్లీసెకనులో 0.6, 0.7 వంతు వెనకగా చేరుతుంది. మధ్యలో తల అడ్డు కాబట్టి కాస్త తగ్గి కూడా చేరుతుంది. లార్డ్ రేలీ 1907లోనే చెప్పిన సంగతి ఇది: మంద్ర ధ్వనుల దిక్కును మెదడు ఆలస్యాన్ని బట్టి పోల్చుకుంటుంది, సన్నటి ధ్వనుల దిక్కును హెచ్చుతగ్గులను బట్టి. రెండిటికీ హద్దు సుమారు 1,500 హెర్ట్జ్. ఇక ముందా వెనకా, పైనా కిందా అన్న తేడాలు చాలావరకు చెవి డొప్పలోని మడతలే చెబుతాయి. చెవి రంధ్రం ముంగిట మైకు పెడితే ఈ ఆనవాళ్లన్నీ రికార్డులోకి ఎక్కుతాయి. తిరిగి వినాలంటే మాత్రం హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. స్పీకర్లలో పెడితే ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి చేరి అంతా కలగాపులగమవుతుంది.

ఆలోచన పాతదే. 1881లో పారిస్‌లో క్లెమాఁ అదేర్ ఒపేరా వేదిక మీది ధ్వనిని చెవికొక రిసీవర్ చొప్పున టెలిఫోన్ తీగల మీద వినిపించాడు. 1933లో షికాగో ప్రదర్శనలో బెల్ ల్యాబ్స్‌వాళ్లు ఆస్కార్ అనే బొమ్మ మనిషికి మైకులు తగిలించి జనాన్ని ఆశ్చర్యపరిచారు. ఇప్పుడు స్టూడియోల్లో వాడే బొమ్మ తల నాయ్‌మన్ కంపెనీ కేయూ 100. దాని ధర లక్షల్లో ఉంటుంది. అంత పెట్టలేనివాళ్లకు హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది. చిన్న ఎలక్ట్రెట్ మైకు క్యాప్సూళ్లు రెండు తెచ్చి, సన్న తీగ సోల్డర్ చేసి, చెవి అంచున కూర్చునేలా కట్టుకుంటే పని మొదలవుతుంది.

సోల్డరింగ్ మాట వస్తే మా ఏఎస్ రావు నగర్ గుర్తుకు రాకుండా ఉండదు. 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరిట వెలసిన కాలనీ ఇది. ఈసీ టీవీలు తయారుచేసిన తరం వాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. రాధిక చౌరస్తాలో సాయంత్రంపూట రికార్డు చేసిన ట్రాఫిక్‌ను అలాంటి ఒక రిటైర్డ్ పెద్దాయనకు వినిపించాను. ఆర్టీసీ బస్సు వచ్చే చోట ఆయన చటుక్కున భుజం పక్కకు లాక్కున్నారు. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి, “ఏంటయ్యా ఇది, బస్సు నా వీపు రాసుకుంటూ పోయింది” అన్నారు. నిజానికి ఆ బస్సు నా ముందు నుంచి పోయింది.

ఈ పద్ధతికున్న ముదిరిన జబ్బు ఇదే. నా చెవి డొప్ప మడతలు వేరు, ఆయనవి వేరు. ఎడమా కుడీ ఎవరికైనా ఒకేలా తెలుస్తాయి గానీ, ముందూ వెనకా మాత్రం ఒకరి చెవులతో పట్టింది ఇంకొకరి చెవుల్లో తారుమారయ్యే అవకాశముంది. మామూలుగా అనుమానం వస్తే తల కొద్దిగా తిప్పి తేల్చుకుంటాం. హెడ్‌ఫోన్స్‌లో తల తిప్పితే లోకం కూడా తలతో పాటే తిరుగుతుంది. తెలిసిన రికార్డిస్టు అందుకే ట్రాక్‌కు ఎదురుగా కాకుండా కొద్దిగా ఏటవాలుగా నిలబడి, కార్లు ఒక చెవి పక్క నుంచి వచ్చేలా చూసుకుంటాడు.

మన ఊళ్లో ఈ విద్యకు నిజంగా పంట పండింది 2022 నవంబరు, 2023 ఫిబ్రవరి మధ్యన. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ చుట్టూ మూసేసిన రోడ్ల మీద ముందు ఇండియన్ రేసింగ్ లీగ్ పెట్రోలు కార్లు పరుగెత్తాయి. వాటిలో ఉన్నవి ఇటలీ అప్రీలియా మోటారుసైకిల్ ఇంజన్లు. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి. భారతదేశంలో జరిగిన తొలి ఫార్ములా-ఈ రేసు అది. జాఁ-ఎరిక్ వెర్న్ గెలిచాడు, నిక్ కాసిడీ చివరిదాకా అతని వెనకే ఉన్నాడు. సుమారు మూడు నెలల తేడాతో అదే చెరువు గట్టు మీద రెండు యుగాల శబ్దాలు.

ఆ రెండిటినీ చెవి వేర్వేరు దారుల్లో పట్టుకుంటుంది. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్ సెకనుకు దాదాపు 367 సార్లు పేలుతుంది. ఆ మూల ధ్వని రేలీ చెప్పిన హద్దుకు బాగా కింద ఉంది కాబట్టి దాని దిక్కు తెలిసేది ఆలస్యం వల్ల. ఎలక్ట్రిక్ కారులో పైకి వినిపించేది మోటారు, గేర్ల సన్నటి కూత. దాని దిక్కు చెప్పేది తల నీడ, అంటే తల అడ్డుపడి ఒక చెవికి శబ్దం తగ్గడం. అందుకే బైనారల్‌లో పెట్రోలు కారు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు బరువుగా దొర్లుతూ పోతుంది, ఎలక్ట్రిక్ కారు ముక్కు ముందు గీత గీసినట్టు ఒక చెవిలో తెగి రెండో చెవిలో మొదలవుతుంది. కరెంటు ఆదా కోసం డ్రైవరు మలుపుకు ముందే పెడల్ వదిలేస్తాడు. అప్పుడా కూత జారిపోయి, దాని కింద దాగిన టైర్ల రాపిడి, కారు అడుగు రోడ్డుకు తగిలే గరగర బయటపడతాయి. శబ్దం లేని రేసేమి రేసు అని అప్పట్లో చాలామంది చప్పరించారు. వాళ్లు విన్నది టీవీలోనేమో అని నా అనుమానం.

ఇంటికి దగ్గర్లో ఈ జాతి కూత వినాలంటే ఎన్‌జీఆర్‌ఐ మెట్రో స్టేషన్‌లో రైలు కదిలేటప్పుడు చెవి పెడితే చాలు. ఆగి ఉన్న రైలు బయల్దేరే ఆ కొద్ది సెకన్లలో మెట్లు మెట్లుగా పైకెక్కే స్వరం ఉంటుంది. అది మోటారుకు కరెంటును తరిగి పంపే యంత్రం పాట.

కారు మన పక్కనుంచి దాటిపోగానే శ్రుతి పడిపోవడం అందరికీ తెలిసిందే. ఎంత పడుతుందో లెక్క వేస్తే ముచ్చటగా ఉంటుంది: గంటకు 210 కిలోమీటర్ల వేగంతో దగ్గరగా దాటే కారు వచ్చేటప్పుడు ప్రతి మధ్యమంలో ఉంటే, పోయేటప్పుడు దాదాపు షడ్జమంలో ఉంటుంది. ఈ జారుడు మామూలు మైకుకూ దొరుకుతుంది. జారుతున్నంతసేపూ అది తల చుట్టూ ఎక్కడుందో చెప్పడం మాత్రం రెండు చెవుల రికార్డింగుకే చేతనవుతుంది.

గెయిన్, అంటే మైకు ధ్వనిని రికార్డరు ఎంత పెంచాలన్నది, ప్రాక్టీసు పరుగుల్లోనే తేల్చుకోవాలి. 32-బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చాక లెవెల్ దాటి పగిలిపోతుందన్న దిగులు తగ్గింది గానీ, మైకు క్యాప్సూలే తట్టుకోలేకపోతే ఏ రికార్డరూ కాపాడదు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 వరకు మూడేళ్లు ఫార్ములా-1 జరిగినప్పుడు వచ్చినవి 18,000 చుట్లు తిరిగే వీ8 ఇంజన్లు. దగ్గరగా అవి 120 డెసిబెల్స్ దాటేవి. తొలి తరం ఫార్ములా-ఈ కార్లకు నిర్వాహకులు చెప్పుకున్నది సుమారు 80. వీ8ల దగ్గర సొంత చెవుల్లో మైకులు పెట్టుకుని నిలబడడం తెలివితక్కువ పని. ఆ మైకులు చెవిని కాపాడవు, వాటి మీద ఇయర్‌మఫ్ పెడితే రికార్డింగే ఉండదు. అక్కడ బొమ్మ తలను స్టాండు మీద నిలబెట్టి, మనిషి చెవులు మూసుకుని దూరం జరగాలి. 2014లో నిబంధనలు మారి ఆ ఇంజన్లు పోయాయి. ఇవాళ ఫార్ములా-1 రేసులో ఆ రొద కావాలంటే అప్పటి రికార్డింగులే గతి.

హుస్సేన్‌సాగర్ గట్టున చిక్కంతా గాలితోనే. బొచ్చు తొడుగు లేని మైకును చెరువు గాలి నేరుగా కొడితే కారుకన్నా గాలే పెద్దగా పడుతుంది. బట్టలు కూడా శబ్దం చేస్తాయి, నైలాన్ జాకెట్ వేసుకోకూడదు. గుటక వేయడం సైతం కార్లు దూరంగా ఉన్నప్పుడే.

ఇంత తంటా ఎందుకంటే, ఇందులో పడేది కారొక్కటే కాదు, నిలబడ్డ చోటు కూడా. కారుకే మైకు బిగిస్తే ఏ దేశంలోనైనా దాదాపు అదే శబ్దం. గట్టు మీద నిలబడ్డవాడికి ఒక చెవి వైపు కాంక్రీటు దిమ్మెలూ గోడలూ ఉంటే, రెండో చెవి వైపు ఖాళీ నీళ్లు. 60 మీటర్ల దూరాన ఉన్న గోడ నుంచి ప్రతిధ్వని మూడో వంతు సెకనులో తిరిగొస్తుంది. నీళ్ల వైపు నుంచి అలా తిరిగొచ్చేది ఏమీ ఉండదు. ఈ ఒంటిపక్క ప్రతిధ్వని ఆ రోడ్డుకే సొంతం. 2024లో జరగాల్సిన రెండో ఫార్ములా-ఈ రేసు రద్దయింది. 2023 రేసు రోజున జనం ఫోన్లలో తీసుకున్న వీడియోలు కొల్లలు. వాటిలో కారు ఉంటుంది, కేకలు ఉంటాయి. చెవికీ చెవికీ మధ్య తేడా మాత్రం వాటిలో ఎప్పుడూ లేదు, ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని ఉన్నదున్నట్టు పుట్టించలేదు.

పెట్రోలు కార్ల కోసమైతే మద్రాసు దూరమేం కాదు. 2024 ఆగస్టు ఆఖర్న అక్కడ ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ వీధుల్లో రాత్రి రేసులు జరిగాయి. ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఎటూ ఉంది. వెళ్లేవాళ్లు రికార్డింగ్ మొదట్లో నోటితోనే నాలుగు ముక్కలు చెప్పి ఉంచాలి: ఎక్కడ నిలబడ్డారు, ట్రాక్ ఎంత దూరం, కార్లు ఏ చెవి వైపు నుంచి వస్తున్నాయి, గాలి ఎటు వీస్తోంది.